ఎర్ర పెన్సిలుతో ఒక పాదం

పంపుహౌస్ క్వార్టరు, ముందుగది
జూన్ 4

వదినగారికి,

మీ కార్డు అందింది. మీ చెల్లెలు రాసినవన్నీ ఒకచోట చేర్చి చిన్న పుస్తకంగా వేయిద్దామన్నారు. సరే. రకాలవారీగా వేరుచేసి పంపమన్నారు. అదే చేశాను.

ఆమె అల్మారాలో నోట్‌బుక్కులు నాలుగున్నాయి. మొదటి పేజీ నుంచి చివరిదాకా చూశాను. నాలుగు లైన్లవి ఒక కట్ట. అంతకంటే ఎక్కువ లైన్లున్నవి రెండో కట్ట. రెండేసి లైన్లుగా సాగిపోయేవి మూడోది. లైన్లకు లెక్కాపత్రం లేనివి నాలుగోది. కాపీ చేసి పంపుతున్నాను. అసలు పుస్తకాలు ఇక్కడే ఉంటాయి.

నా వల్ల ఇంతే అవుతుంది. కవిత్వం నాకు రాదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆమె రాస్తుంటే పక్కనే ఉన్నాను. ఏం రాస్తోందని అడగలేదు. చెబితే వినేవాణ్ణి.

మీకు ఫోనులో సరిగా వినపడదు కాబట్టి ఇకమీదట కూడా ఉత్తరాలే రాస్తాను. నా ఆరోగ్యం బాగానే ఉంది. రిటైర్మెంటుకు ఇంకా పదిహేను నెలలుంది.

మీ మరిది


దుకాణం, కత్తెర బల్ల దగ్గర
జూన్ 11

మరిదిగారికి,

మీ కట్టలు విప్పి నేను నవ్విన నవ్వుకి మా గుండీలామె ఉలిక్కిపడి సూది వేలికి గుచ్చుకుంది. నాలుగు గుండీలున్నవన్నీ ఒకే చొక్కా అంటారా ఏమిటండీ? ఇంట్లో తొడుక్కునేదీ, పెళ్లికి తొడుక్కునేదీ, పసిపిల్లాడిదీ ఒకే కట్టలో పెట్టి పంపారు. ఇంజనీరుగారు ఇంత పని చేస్తారనుకోలేదు.

కోప్పడకండి. చాలా రోజులకు నవ్వాను, అందుకు రాశాను.

ఇది మా నాన్న మాకు నేర్పిన వరసలోనే చెబుతాను. ఆయన మిషన్ తొక్కుతూ పద్యం చెప్పేవాడు. మేమిద్దరం కింద కూర్చుని పీలికలు ఏరుతూ పట్టుకునేవాళ్లం. ముందు చెవి. 'పని' అనండి. రెండక్షరాలూ చిటికెంతసేపే. 'పాట' అనండి. పా మీద రెండు చిటికెలు పడతాయి. ఒక చిటికెది లఘువు, రెండు చిటికెలది గురువు. ఒత్తక్షరానికి ముందున్నది కూడా గురువే. 'అక్క' అని చూడండి, ఆ 'అ' ఎంత బరువు మోస్తోందో. చెల్లి ఈ మాటకి ఎప్పుడూ నవ్వేది.

ఈ చిటికెల గుంపుల్ని గణాలంటారు. ఏ గుంపులు ఏ వరసలో వస్తాయన్నదాన్ని బట్టి పద్యానికి పేరు. మీ మొదటి కట్టలో కందాలున్నాయి. కందం పసిపిల్లాడి చొక్కా: గుడ్డ తక్కువ, పని ఎక్కువ. ఒక పాదం పొట్టి, ఒక పాదం పొడుగు. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే ఉండాలి, నాలుగు చొక్కాలకూ ఒకేచోట జేబు ఉన్నట్టు. అది ప్రాస. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం అనేవి వృత్తాలు. అవి యూనిఫారాలు. పాదానికి ఇన్ని అక్షరాలంటే అన్నే, ఎక్కడ గురువంటే అక్కడే. ఇక ఆటవెలది, తేటగీతి ఉన్నాయి చూశారూ, అవి ఇంట్లో తొడుక్కునే బట్టలు. ప్రాస బెడద లేదు. చెల్లికి అవే ఇష్టం.

అన్నిటికీ కావలసింది యతి. పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒకచోట జత కుదరాలి. గుండీకి కాజా అనుకోండి.

వెనక గణాల పట్టిక రాశాను. మొదటి కట్ట మళ్లీ వేరుచేయండి.

అన్నట్టు, నోట్‌బుక్కులు నాలుగే అన్నారు. ఐదుండాలి కదా?

వదిన


పంపుహౌస్, కంట్రోల్ గది
జూన్ 29

వదినగారికి,

పట్టిక గోడకు అంటించుకున్నాను. ప్రెషరు మీటర్ల పక్కన. మా వాల్వులాయన వచ్చి, "ఇదేం కొత్త చార్టు సార్, హెడ్డాఫీసు పంపిందా?" అన్నాడు. అవునన్నాను. మోటారు చప్పుడులో పాదాలు లెక్కపెట్టడం సులువుగా ఉంది. మోటారు తప్పు లెక్కపెట్టదు.

రెండు వారాల్లో తొంభై ఆరు పద్యాలు గుర్తుపట్టాను. కందాలు పద్దెనిమిది. ఉత్పలమాలలు ఏడు. చంపకమాలలు నాలుగు. శార్దూలాలు రెండే. తేటగీతులు ఇరవై రెండు. మిగతావన్నీ ఆటవెలదులు. ఉత్పలమాల మొదటి గురువును విరిచి రెండు లఘువులు చేస్తే అదే చంపకమాల. మీరు చెప్పలేదు. పట్టిక చూస్తే తెలిసింది. సరేనా?

రెండు తేటగీతుల్లో ఒక చిటికె తక్కువైంది. మూడుసార్లు లెక్కపెట్టాను. ఆమె తప్పు చేసిందని రాయడం నాకు ఇష్టం లేదు. మీరు చూడండి.

ఒక సందేహం. పాదం మొదట బకారం ఉంటే యతి దగ్గర పకారం చెల్లుతుందా?

ఐదో నోట్‌బుక్కు ఉంది. అందులోవి వింతగా ఉన్నాయి. ప్రతి పద్యంలో చివరి పాదం ఎర్ర పెన్సిలుతో ఉంది. ఒకచోట 'కప్ప మింగె నొక్క కడలినెల్ల' అని ఉంది. ఎవరి పిల్లల కోసమో రాసి ఉంటుంది. అది పుస్తకానికి పనికిరాదు. నా దగ్గరే ఉండనివ్వండి.

మీ మరిది


దుకాణం
జులై 8

మరిదిగారికి,

ఉత్పలమాలను విరిచి చంపకమాల చేశారా! నాన్న మాకు ఆ సంగతి ఏడాది దాటాక చెప్పాడు, అదీ పండు వలిచి చేతిలో పెట్టినట్టు. మీరు గోడకేసి చూస్తూ కనిపెట్టారు. చెల్లి వింటే, "ఆయన పైపు విప్పినట్టు విప్పేశారా దాన్ని?" అనేది.

ఆ రెండు తేటగీతుల్లో చిటికె తక్కువైన మాట నిజమే. అవి చెల్లి పద్దెనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పటివి. అలాగే అచ్చువేద్దాం. అతుకు కనపడితే గుడ్డ పాతదని తెలుస్తుంది.

బకి ప భేషుగ్గా చెల్లుతుంది. ప, ఫ, బ, భ ఒకే ఇంటివి. మీకు ఇంత లోతు సందేహం వచ్చిందంటే నాకు భయంగా ఉంది, వచ్చే నెలకి నా తప్పులు పట్టేలా ఉన్నారు.

రెండో కట్టలోవి సీసాలు. నాలుగు పొడుగు పాదాలూ, ఒక్కోటి రెండు ముక్కలుగా మడిచి ఉంటుంది. కింద ఆటవెలదో తేటగీతో తప్పకుండా కుట్టాలి. గౌనుకు అంచు లేకపోతే పోగులు ఊడవూ? అలాగన్నమాట. రెండేసి పాదాలుగా పోయేవి ద్విపదలు. వాటిని ఆపేవాళ్లుండరు, మా వీధి చివరి మందుల షాపాయన కబుర్లలాగ. ఒకే మాటతో ముగిసే పద్యాలు వందకు పైగా ఉంటే శతకం. ఆ చివరి మాట మకుటం. చెల్లి ఒక శతకం మొదలుపెట్టి అరవై దగ్గర ఆపేసింది. ఎందుకే అంటే, "చెప్పాల్సింది అరవైలో అయిపోయిందక్కా, మిగతా నలభై లెక్క కోసం రాయనా?" అంది.

మీరు లెక్కాపత్రం లేనివన్న నాలుగో కట్టలో రెండు రకాలున్నాయి. పాడుకోడానికి వీలుగా తాళానికి నడిచేవి గేయాలు. అసలు ఏ తాళానికీ లొంగనివి వచన కవితలు. వాటికి కొలత లేదనకండి. కంటితో చూసి గుడ్డ కత్తిరించేవాళ్లుంటారు. టేపు మెడలోనే ఉంటుంది, తియ్యరు. కానీ చొక్కా సరిపోతుంది. అది మరీ కష్టం.

ఆ ఎర్ర పెన్సిలువి పిల్లల పద్యాలు కావు. అవి వేరే రకం. వాటి గురించి తర్వాత రాస్తాను. ఇప్పుడు రాయలేను, ఏమీ అనుకోకండి. కానీ ఐదో నోట్‌బుక్కు మాత్రం పంపండి. అది లేకుండా పుస్తకం ఏం పుస్తకం?

వదిన


పంపుహౌస్ క్వార్టరు
జులై 30

వదినగారికి,

సీసాలు, ద్విపదలు, గేయాలు వేరుచేశాను. వచన కవితలు ముప్పై మూడు. ఈ కవరులో ఉన్నాయి.

పుస్తకం వద్దని నా అభిప్రాయం. ఆమె ఎవరికీ చూపించలేదు. మనం చూపించడం సరికాదేమో. ఐదో నోట్‌బుక్కు పంపను.

ఒకటి అడుగుతాను. పద్యంలో రాసిన మాట రాసినవారి మనసులోని మాటేనా? మా లాగ్‌బుక్కులో చేతిరాత ఎవరిదైతే మాట వాళ్లదే. వాల్వు తెరిచానని రాస్తే తెరిచినట్టే. తర్వాత కాదంటే కుదరదు. ముప్పై ఐదేళ్లుగా నాకు తెలిసిన రాత అదొక్కటే.

దీనికి మాత్రం జవాబు రాయండి చాలు.

మీ మరిది


ఇల్లు, కిటికీ పక్కన
ఆగస్టు 7

మరిదిగారికి,

ఇవాళ దుకాణానికి వెళ్లలేదు. మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

ముందు మీరడిగినదానికి. లాగ్‌బుక్కు కాదండీ పద్యం. వాన పడకపోయినా పద్యంలో పడుతుంది. చెల్లి ఒక గేయంలో తనకు ఏడుగురు అన్నలున్నారని రాసింది. మేమిద్దరమే కదా. అలాగని అంతా ఉత్తమాటా కాదు. శతకంలో చెప్పుకున్నది సొంత గోడే. వచన కవితలోదీ చాలావరకు అంతే. ఏ మాటని ఎలా పట్టుకోవాలన్నది అది ఏ రకమో తెలిస్తే గాని తెలియదు. అందుకే రకాలు నేర్చుకోమన్నాను, కట్టలు కట్టడానికి కాదు.

ఇప్పుడు నేను అడుగుతాను. పుస్తకం వద్దని చెప్పడానికి మీకు హక్కుంది. చెల్లి భర్త మీరు. కానీ నేనూ దాని అక్కని. దాన్ని ఎత్తుకుని తిరిగినదాన్ని. మొదటి ఉత్తరంలో నాలుగే అన్నారు. తర్వాత ఉంది, పనికిరాదన్నారు. ఇప్పుడు పంపనంటున్నారు. మీకు అబద్ధం చెప్పడం రాదు, మానేయండి. మీరు నోరు విప్పరని చెల్లి ఎప్పుడూ అనేది. "ఆయన చెప్పరక్కా, మనమే చూసుకోవాలి, మీటరులాగ" అని. ఇంత దూరం నుంచి నేను మీటరు ఎలా చూడను?

ఆ నోట్‌బుక్కులో ఏముంది? ఏదున్నా సరే, ఉన్నది ఉన్నట్టు కాపీ చేసి పంపండి. నేను తట్టుకుంటాను. మీరొక్కరే మోయాల్సిన పని లేదు.

వదిన


పంపుహౌస్ క్వార్టరు
ఆగస్టు 16

వదినగారికి,

రాస్తున్నాను.

ఐదో నోట్‌బుక్కు ఆసుపత్రి నుంచి ఆమె సామానుతో వచ్చింది. నెల రోజులు తెరవలేదు. ఫిబ్రవరిలో తెరిచాను. రాసిన పేజీల్లో చివరిది చూశాను. పైన మూడు గీతలు ఖాళీగా ఉన్నాయి. నాలుగో గీత మీద ఎర్ర పెన్సిలుతో ఒక్క పాదం ఉంది.

బ్రతుకునెల్ల నితడు పాడుచేసె.

ఆ తర్వాత ఏమీ లేదు. చేతిరాత ఆమెదే. కొంచెం వణికింది.

అందుకే నాలుగన్నాను.

మొదట, నొప్పిలో ఏదో అనుకుని ఉంటుందిలే అనుకున్నాను. నొప్పిలో మనిషి ఎన్నో అంటాడు. అలా నాలుగు నెలలు సరిపెట్టుకున్నాను. తర్వాత మీరు పట్టిక పంపారు. దాన్ని పెట్టి ఈ పాదం లెక్కపెట్టాను. ఐదు సూర్యగణాలు. ఆటవెలది చివరి పాదం. ఒక్క చిటికె కూడా పొల్లుపోలేదు. యతి ఒక్కటే అనుమానం. బకి ప చెల్లుతుందా అని మిమ్మల్ని అడిగాను. భేషుగ్గా చెల్లుతుందన్నారు.

అంటే నొప్పిలో అన్న మాట కాదు. తీరిగ్గా కొలిచి రాసిన మాట.

అప్పటినుంచి వెనక్కి చూస్తున్నాను. పెళ్లికి ముందు ఆమెకు లైబ్రరీలో ఉద్యోగం ఉంది. నా బదిలీ కోసం మానేసింది. నేను మానమనలేదు. మానొద్దనీ అనలేదు. మూడు ఊళ్లు తిప్పాను. మూడు చోట్లా మోటారు చప్పుడు పక్కనే ఇల్లు. సెలవు రోజు కూడా నా చేతిలో రెంచీయో నూనె డబ్బాయో ఉండేది. పక్కన కూర్చుని మాట్లాడిన రోజులు గుర్తుచేసుకోబోతే గుర్తొచ్చినవి కొన్నే. ఆమె ఫిర్యాదు చేయలేదు. చేయకపోతే లేదనుకున్నాను.

పైన ఆ మూడు పాదాలు ఏం రాయాలనుకుందో తెలియదు. రాయలేకపోయిందో, నా మీద జాలిపడి మానేసిందో తెలియదు.

ఇది పుస్తకంలో వేయమని అడగకండి. మీ చెల్లెల్ని సుఖపెట్టలేకపోయాను. మీకు చెప్పాలి కనుక చెప్పాను.

మీ మరిది


దుకాణం
ఆగస్టు 20

మరిదిగారికి,

ముందు ఈ ఒక్క మాట చదివి, కుర్చీలో కూర్చుని, తర్వాత మిగతాది చదవండి. ఆ పాదం చెల్లిది కాదు. నాది.

నేనిచ్చాను. అది ఆట. సమస్య అంటారు దాన్ని. ఒకరు నాలుగో పాదం ఇస్తారు. వినగానే ఛీ అనిపించేలాగానో, జరగనిదిలాగానో ఉండాలి. రెండోవాళ్లు పైన మూడు పాదాలు కట్టి, ఆ తప్పుడు మాటని ఒప్పు చేసి చూపించాలి. అదే పూరణ. కప్ప కడలిని మింగిందని నేనిచ్చాను. ఆ కప్పకి కల వచ్చిందని చెల్లి పూరించింది. ఆ నోట్‌బుక్కులో ఎర్ర పెన్సిలు పాదాలన్నీ నావి, పైన నల్ల సిరావి దానివి. నా దగ్గర ఇలాంటి పుస్తకమే ఇంకొకటుంది, అందులో ఎర్రవి దానివి. నాన్న పోయిన ఏడాది మొదలుపెట్టాం, ఇరవై ఆరేళ్లు ఆడాం, కార్డుల మీద.

డిసెంబరులో నేను ఆసుపత్రికి వచ్చినప్పుడు మీరు మందులకి కిందికి వెళ్లారు. "అక్కా, ఈసారి గట్టిదివ్వు, పడుకుని పడుకుని బుర్ర మొద్దుబారిపోయింది" అంది. "అయితే నీ మొగుణ్ణి తిట్టే పాదం ఇస్తాను, విడిపించుకో చూద్దాం" అన్నాను. ఈ పాదం చెవిలో చెప్పాను. అది కళ్లు పెద్దవి చేసి, "ఆయన్నా? నీకు నోరెలా వచ్చిందే?" అంది. వెంటనే, "రెండ్రోజులియ్యి" అంది.

పైన గీతలు ఎందుకు ఖాళీ అంటే, మాకొక నియమం ఉంది. పూరణ ముందు కార్డు మీద ఎదుటివాళ్లకి పంపాలి. వాళ్లు "ఒప్పుకున్నాను" అని రాశాకే సొంత పుస్తకంలో ఎక్కించుకోవాలి. చెల్లి పూరించింది. కార్డు నాకు అందింది. ఇదిగో, ఉన్నది ఉన్నట్టు:

ఇనుప తలుపు మీద నిల్లు గట్టితి గదా,
తుప్పు నేను, వాన తోడు నాకు;
గరుకు కాగితమ్ము, గరిటెడు నూనెతో
బ్రతుకునెల్ల నితడు పాడుచేసె.

తుప్పండీ. తుప్పు ఏడుస్తోంది, మీ మీద. పాపం ఇనుప తలుపు మీద కాపురం పెట్టుకుంటే ఈయనొచ్చి గరుకు కాగితంతో గీకి, నూనె పోసి, బతుకు పాడుచేశాడని. నేనిచ్చిన తిట్టుని అది మీ మెళ్లో దండ చేసి వేసింది.

ఇప్పుడు నా సంగతి. ఎర్ర పెన్సిలు పద్యాల గురించి తర్వాత రాస్తానని తప్పించుకున్నానే, ఎందుకో వినండి. ఈ కార్డు అందిన రోజే నేను ఒప్పుకున్నాను, మనసులో. గుండీలామెకి చదివి వినిపించాను, ఆమె కూడా నవ్వింది. కానీ జవాబు రాయలేదు. ఒప్పుకుంటే చెల్లి గెలిచినట్టు. ఇంతకంటే గట్టి పాదం ఒకటి దొరికాక రెండూ కలిపి ఒకే కార్డు మీద రాద్దాం అనుకున్నాను. బస్సు కండక్టర్ల చొక్కాలు రెండొందలు కుట్టాల్సి ఉంది, ఆ పనిలో పడ్డాను. పదకొండు రోజులు. పన్నెండో రోజున మీ కబురు వచ్చింది. ఐదక్షరాలు రాస్తే పోయేది. అది ఎదురుచూస్తూ పోయింది. ఆ ఆట పేరెత్తితే ఇదంతా చెప్పాలి, అందుకే ఎత్తలేదు. నేను చెప్పకపోవడం వల్ల మీరు ఇన్నాళ్లు ఈ బరువు మోశారు. బకి ప చెల్లుతుందా అన్నప్పుడే నాకు తట్టాల్సింది. తట్టలేదు. పైగా భేషుగ్గా అన్నాను.

నన్ను క్షమించమని అడగను. కోప్పడండి, పడతాను.

వదిన


పంపుహౌస్, కంట్రోల్ గది
ఆగస్టు 27

వదినగారికి,

మీరు చెప్పినట్టే కూర్చుని చదివాను. వాల్వులాయన వచ్చి, "ఒంట్లో బాగాలేదా సార్?" అన్నాడు. బాగుందన్నాను. "నవ్వుతున్నారు సార్, అందుకడిగా" అన్నాడు.

మీరు పంపిన కార్డు నకలు చూశాక ఒకటి గుర్తొచ్చింది. ఆ కార్డు పోస్టుడబ్బాలో వేసింది నేనే. ఆసుపత్రి గేటు పక్కన ఉండేది డబ్బా. ఆమె ఇచ్చింది. నేను రాత కిందికి వచ్చేలా పట్టుకుని తీసుకెళ్లి వేశాను. ఇతరుల కార్డు చదవకూడదని. నా గురించే రాసిన పద్యాన్ని నా చేత్తో మోసుకెళ్లి, చదవకుండా వేశాను. ఆమె మంచం మీంచి నన్నే చూస్తోంది. ఇప్పుడు తెలుస్తోంది ఎందుకు చూసిందో.

ఒక పద్యంతో అన్నీ సరిపోయాయని అనుకోను. లైబ్రరీ సంగతి అలాగే ఉంది. మాట్లాడని సాయంత్రాలు అలాగే ఉన్నాయి. అవి నావి. కానీ సెలవు రోజుల్లో నేను తలుపు గీకుతుంటే ఆమె విసుక్కుంటోందనుకునేవాణ్ణి. చూస్తోందనుకోలేదు. ఇంత దగ్గరగా చూసిందని అసలు అనుకోలేదు.

ఇప్పుడు మీ విషయం. మీరు అడగకపోయినా చెప్పాలి. ఇది ఊరడించడానికి రాస్తున్నది కాదు. నాకు అది రాదని మీకు తెలుసు.

ఆమె ఆ పదకొండు రోజులూ ఎదురుచూసిన మాట నిజం. రోజూ మధ్యాహ్నం "టపా వచ్చిందా?" అని అడిగేది. లేదనేవాణ్ణి. పోవడానికి ఒక రోజు ముందు కూడా అడిగింది. లేదన్నాను. నవ్వింది. "అయితే నేను గెలిచినట్టే. తప్పుంటే అక్క రెండో రోజుకే రాసేది. ఇన్నాళ్లు రాయలేదంటే ఇంతకు మించిన పాదం దొరక్క కొట్టుకుంటోంది" అంది. ఏమిటి గెలవడమన్నాను. "ఇంటికెళ్లాక చెబుతాలెండి" అంది. జ్వరంలో మాట అనుకున్నాను. నర్సును పిలిచి టెంపరేచరు చూడమన్నాను కూడా. మామూలుగానే ఉంది.

మీ మౌనానికి అర్థం ఆమెకు తెలుసు. మీరు మనసులో అనుకున్నదే ఆమె కూడా అంది. పదకొండో రోజున, ఆ మంచం మీద, గెలిచిన మనిషిలాగే ఉంది.

పుస్తకం వేయిద్దాం. ఐదో నోట్‌బుక్కు కూడా పంపుతాను. ఈ పద్యం ముందు పేజీలో వేయకండి. దాని వంతు వచ్చినచోట వేయండి. పాదం అక్కది, పూరణ చెల్లెలిదని కింద చిన్న అక్షరాల్లో ఉంటే చాలు.

సాంకేతికంగా ఒక తప్పుంది. తుప్పుకు గరిటెడు నూనె పోయరు. నాలుగు చుక్కలు చాలు. ఎక్కువైతే దుమ్ము పడుతుంది. ఈ సంగతి ఆమెకు నేను చాలాసార్లు చెప్పాను.

నియమం ప్రకారం మీరు రాయాల్సింది ఒకటి మిగిలింది. అది వచ్చాకే ఆ మూడు గీతలూ నింపి నోట్‌బుక్కు పంపుతాను. నల్ల సిరా కొన్నాను.

మీ మరిది


కార్డు
ఆగస్టు 31

మరిదిగారికి,

ఒప్పుకున్నాను.

గరిటె దగ్గర మాత్రం మీరన్నది ఒప్పుకోను. 'గరుకు'కి అక్కడ గకారం పడాలి. మీకు తెలిసే అంటున్నారు.

అక్క